టోపీ, బెల్టు, చైను

ఆదివారం పూట ముందు చక్రాల్ని ఇనుప ర్యాంపుల మీదికి ఎక్కించి, కారు కింద గోనెసంచి పరుచుకుని పడుకోవడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న జబ్బు. శ్రీకాకుళంలో ఆయిల్ మార్చే షెడ్లకి కరువు లేదు. ఇంట్లోవాళ్లు ఆ సంగతి ప్రతిసారీ గుర్తుచేస్తూనే ఉంటారు.

ఆయిల్ దించడం తేలిక. డ్రెయిన్ నట్టుకి సరిపోయే పానా పెట్టి తిప్పితే నల్లటి ధార బేసినులో పడుతుంది. తిప్పలన్నీ ఫిల్టర్ దగ్గరే. దానికి నట్టు లేదు, పట్టుకోడానికి పిడి లేదు. నూనె పూసిన గుండ్రటి డబ్బా, అంతే. పాత అంబాసిడర్లకి ఈ బాధ ఉండేది కాదు. ఇనప గిన్నెలో ఫిల్టర్, మధ్యలో పొడవాటి బోల్టు, ఒక్క పానాతో పని అయిపోయేది. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ కార్ల ఆయిల్ ఫిల్టర్‌కి పేటెంటు అడిగి, దానికి ‘ప్యూర్ ఆయిల్ లేటర్’ అనే మాటల్ని కుదించి ప్యూరోలేటర్ అని పేరు పెట్టాడు. డబ్బా డబ్బానే విప్పి పారేసే రకం వాడుకలోకి రావడానికి 1950లు రావాల్సి వచ్చింది. గిన్నె కడిగే పని తప్పింది గానీ, విప్పే పని మన నెత్తిన పడింది.

నేను మొదట కొన్నది బెల్టు రెంచి. ఏ సైజు డబ్బాకైనా పడుతుందని దుకాణంలో చెప్పారు, అబద్ధం కాదు. అయితే బెల్టుకి ఆయిల్ తగిలిందా, ఇక జారడమే. గుడ్డతో తుడిచి, డబ్బా చుట్టూ ఎమరీ పేపరు చుట్టి లాగితే కొంత నయం. పైగా దాని పిడి ఊపడానికి పక్కన చోటుండాలి. నా కారులో అంత చోటు లేదు. తర్వాత మూడు గోళ్ల రకం కొన్నాను. ఇది కింద నుంచి డబ్బాని పట్టుకుంటుంది, ఎంత తిప్పితే అంత బిగుసుకుంటుంది. పక్కన చోటు లేని ఇంజన్లకి మంచిదే. కానీ మొండికేసిన ఫిల్టర్‌ని అది విప్పదు, నలుపుతుంది. డబ్బా రేకు పలచన. గట్టి పళ్లెం ఉండేది ఇంజన్ వైపు అంచులో. అక్కడ పట్టుకుంటే నిలబడుతుంది, నడుం దగ్గర పట్టుకుంటే అప్పడమే.

నాదీ అలాగే అప్పడమయ్యాక, అందరూ చెప్పే చిట్కా మిగిలింది. స్క్రూడ్రైవర్‌ని డబ్బాలో అడ్డంగా దిగ్గొట్టి దాంతో తిప్పడం. దిగ్గొట్టాను, తిప్పాను. రేకు చిరిగింది. డబ్బా మాత్రం ఉన్నచోటే ఉంది. మోచేతి దాకా ఆయిల్ కారుతుంటే బయటికి పాకి వచ్చాను. అప్పుడు ఇంట్లోవాళ్లు ఏమన్నారో ఇక్కడ రాయను.

సాలూరు మేస్త్రి ఒకాయన మా ఊళ్లో బంధువులింటికి వచ్చి ఉండబట్టి సరిపోయింది. సాలూరంటే మా వైపు లారీల ఊరు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, మా నోటికింకా విజయనగరం సాలూరే. సుంకి ఘాటెక్కి ఒడిశా మీదుగా రాయపూర్ వెళ్లే బళ్ల కింద పడుకుని పెరిగిన మనిషి ఆయన. చిరిగిన డబ్బా చూసి అడిగాడు.

“ఏటి బాబూ ఇది, ఎవులు బిగించినారు?”

“నేనే.”

“దేంతోటి?”

ఆ బెల్టు రెంచి చూపించాను. పోయినసారి కొత్త ఫిల్టర్‌ని కూడా దాంతోనే, ఆయిల్ కారకూడదని, బలంకొద్దీ బిగించాను మరి.

“ఇప్పడానికి కొన్నదాంతోటి బిగిస్తే ఇంకేటుంది బాబూ,” అని తన సంచిలోంచి చైను రెంచి తీసి, ఇంజన్ అంచు దగ్గర రెండు చుట్లు వేసి, ఒక్క ఊపు ఊపాడు. వచ్చేసింది. చైను డబ్బాని బతకనివ్వదు గానీ, అప్పటికే చచ్చినదానితో దానికేం పేచీ లేదు. రబ్బరు రింగు మాత్రం ఇంజన్‌కే అతుక్కుపోయి ఉంది. దాన్ని గోటితో పీకి నా చేతిలో పెట్టాడు. అది అక్కడే ఉండగా కొత్తది బిగించి ఉంటే, రెండు రింగుల మధ్య నుంచి ఆయిలంతా రోడ్డు పాలయ్యేది.

కొత్త రింగుకి వేలితో కాస్త కొత్త ఆయిల్ రాయాలి. చేత్తో తిప్పుతూ పోయి, రింగు ఇంజన్‌కి తగిలాక ముప్పావు చుట్టు. అంతే. చాలా ఫిల్టర్ల డబ్బా మీద, అట్టపెట్టె మీద ఈ సంగతి అచ్చేసే ఉంటుంది. చదివేదెవరు?

ఇప్పుడు నా దగ్గరున్నది టోపీ. ఫిల్టర్ నెత్తిన సరిగ్గా కూర్చునే ఇనప కప్పు, దాని వెనక రాచెట్ తగిలించుకోవడమే. పలకల మీద పట్టు కాబట్టి జారదు, డబ్బాని నలపదు, ఇరుకులో దూరుతుంది. దీని లోపం ఒక్కటే, ఒకరి టోపీ ఇంకొకరికి పట్టదు. నాది 65 మిల్లీమీటర్లు, 14 పలకలు. ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా పలకల మీద గిర్రున తిరుగుతుంది. అందుకని టేపుతో కొలవడం మాని, కొత్త ఫిల్టర్‌నే సంచిలో వేసుకెళ్లి కౌంటర్ దగ్గర తొడిగి చూశాను. నాలుగోది కూర్చుంది. అదైనా విప్పడానికే. బిగించేటప్పుడు దాన్ని ఇంట్లోనే పెట్టి, ఒట్టి చేతులతో కారు కిందికి వెళ్తున్నాను.

పోయిన నెల మా పక్కింటాయన టోపీ అడిగి పట్టుకెళ్లాడు. పావుగంటకే తిరిగొచ్చాడు. ఆయన కారుది డీజిల్ ఇంజన్, డబ్బాకి బదులు పైన ప్లాస్టిక్ మూత, లోపల కాగితం ఫిల్టర్. అంటే అంబాసిడర్ గిన్నె మళ్లీ వచ్చిందన్నమాట. మూత మీద పానాకి ఆరు పలకలున్నాయి, పక్కనే ఎంత బిగించాలో అంకె కూడా అచ్చేశారు.

“పోనీ ఆ చైను ఉంటే ఇస్తారా?” అన్నాడు.

ప్లాస్టిక్ మూతకి చైను! లేదని చెప్పి, పానాల పెట్టె తీసుకుని ఆయనతోపాటు నేనే వెళ్లాను.