కొవ్వొత్తుల సెమ్మెలకు ముందు

విక్టర్ హ్యూగో 1862లో వెలువరించిన 'లే మిజరాబ్ల్' మన ఇళ్లలోకి పుస్తకంగా కంటే ముందు సినిమాగా వచ్చింది. 1950లో కోయంబత్తూరు పక్షిరాజా వారు నాగయ్యగారితో తమిళంలో 'ఏళై పడుం పాడు', తెలుగులో 'బీదలపాట్లు' తీశారు. అందులో పోలీసు వేషం కట్టిన సీతారామన్‌గారికి 'జావర్' అన్నది ఇంటిపేరై కూర్చుంది. కథ పేరెత్తగానే మనకు గుర్తొచ్చేది వెండి దొంగతనం, దొంగను కాపాడిన బిషప్పు. అంతవరకే గుర్తుండడం ఆ నవలకు అన్యాయమని నా అభిప్రాయం.

నాది కామర్స్ చదువు, బ్యాంకు కొలువు. కనుక నా కళ్లు ముందు అంకెల మీదికే పోతాయి. హ్యూగో కూడా వాటిని దాచలేదు. బిషప్పు మిరియేల్ జీతం ఏడాదికి 15,000 ఫ్రాంకులు. అందులో తన ఖర్చుకు 1,000 ఉంచుకొని మిగతాది దేనికెంతో పద్దు రాసి మరీ పంచేస్తాడు. రొట్టె దొంగిలించి, పారిపోబోయి, మొత్తం 19 ఏళ్లు జైల్లో చాకిరీ చేసిన జా వల్జా తన కూలి 171 ఫ్రాంకులని లెక్కవేసుకుంటే, కోతలు పోను చేతికొచ్చింది 109 ఫ్రాంకుల 15 సూలు. బిషప్పు ఇంటి వెండి అమ్మితే 200కు తగ్గదు. దొంగ చూపు వెండి మీద పడడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

పట్టుబడ్డవాడికి బిషప్పు సెమ్మెలు కూడా ఇచ్చి పంపడం గొప్పే. అయితే ఆపైన అతను చేయని వాగ్దానాన్ని చేసినట్టు గుర్తుచేసి, నీ ఆత్మను కొన్నానన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. ఈ 'కొనడం' నాకు మింగుడుపడదు. ఇచ్చినది దానమా, అప్పా? హ్యూగోకూ ఆ అనుమానం ఉన్నట్టుంది. ఆ దయ పొందిన వల్జా వెంటనే మారడు; దారిలో ఒక కుర్రాడి 40 సూల నాణెం కాలికింద తొక్కిపట్టి కాజేస్తాడు. ఏడ్చేది ఆ తర్వాతే.

అప్పు వాసన లేని కలయిక నవలలో అంతకుముందే ఉంది. సంక్షిప్త ప్రతులు తయారుచేసేవారి కత్తెరకు మొదట బలయ్యేది అదే కావచ్చు. ఊరికి దూరంగా, అందరూ వెలివేసినట్టు చూసే ఒక ముసలివాడు, ఫ్రెంచి విప్లవకాలపు కన్వెన్షన్ సభ్యుడు, చావుకు దగ్గరపడ్డాడు. బిషప్పు వెళ్తాడు గానీ మనసు లేకుండా వెళ్తాడు. విప్లవంలో సర్వం పోగొట్టుకున్న వంశం ఆయనది. ముసలివాడు నవ్వుతూ చెయ్యి చాపితే అందుకోడు. వాదనకు దిగుతాడు. రాజుగారి బిడ్డ కోసం ఏడ్చేటప్పుడు పేదల బిడ్డల కోసం కూడా ఏడుస్తారా అన్నట్టుగా ముసలివాడు నిలదీస్తాడు. ఒక్కొక్క జవాబుకూ బిషప్పు కాస్త కాస్త కరిగిపోతాడు. చివరకు, ఏం కోరి వచ్చారని అడిగితే, మీ ఆశీర్వాదం అంటూ మోకరిల్లుతాడు. తలెత్తేసరికి ముసలివాడి ప్రాణం పోయింది.

మతగురువు ఆశీర్వదించడం మామూలు. ఆశీర్వాదం అడగడం, అదీ మతానికి శత్రువని పేరుపడ్డవాణ్ణి అడగడం, నేను చదివిన కొద్దిపాటిలో మరెక్కడా కనిపించలేదు. హ్యూగో ఈ అధ్యాయాన్ని వల్జా రాకకు ముందు పెట్టడం యాదృచ్ఛికం కాదు. చాచిన చేతిని అందుకోని మనిషి, ఆ రాత్రి పేరు కూడా అడక్కుండా జైలువాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటాడు. మధ్యలో ఈ ముసలివాడు లేకపోతే ఆ బిషప్పు నాకు బొమ్మలాగే మిగిలేవాడు.

ఇంకొక మాట. భోజనాల బల్ల దగ్గర వల్జాను ఆయన పలకరించేది గౌరవవాచకంతోనే. వినేవాడి ముఖం వెలుగుతుందని హ్యూగో రాస్తాడు. ఇంగ్లీషులో ఉన్నది ఒకటే 'యూ' గనుక అక్కడ ఈ తేడా సగం చచ్చిపోతుంది. మనకు 'నువ్వు', 'మీరు' రెండూ ఉన్నాయి. ఈ కథను పిల్లలకు తెలుగులో చెప్పేవారు ఆ బల్ల దగ్గర బిషప్పు చేత 'నువ్వు' అనిపించకండి.