పాలు చేపు వేళ

గౌతమీ తీరమున మా ఆలమూరు ప్రాంతపు పల్లెలలో, కాన్పునకు పుట్టింటికి వచ్చిన పిల్లకు పాలసొర పుట్టును వెల్లుల్లి కారమును వండిపెట్టుటయందు తల్లులు చూపు శ్రద్ధ వందనీయమైనదే. అయితే పాలు పడుటకు ప్రధాన హేతువు బాలింత కంచములో కాక బిడ్డ నోటిలో నున్నదనియు, శిశువు ఎంత తరచుగా కుడిచిన అంతగా పాలు ఊరుననియు ఆమెకు చెప్పువారు నేటికిని తక్కువ.

పుట్టిన గంటలోపలనే బిడ్డను రొమ్మున వేసి, చనుమొనతోపాటు చుట్టునున్న నల్లని వలయము కూడ నోటికి అందునట్లు చూడవలెను. పసుపువన్నెతో చిక్కగా, చెంచాడైనను రాని ముర్రుపాలను పిండి పారబోసి, తేనెయో పంచదార నీళ్ళో నాకించు ఆచారమును నేనెంతమాత్రమును సమర్థింపజాలను. శిశువును రోగములనుండి కాపాడు పదార్థములు మెండుగా నున్నది ఆ కొలది చుక్కలలోనే గదా! తొలి ఆరు మాసములు మంచినీళ్ళును అక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కోనసీమ ఉక్కలో దీనిని నమ్ముట పెద్దలకు కష్టమే, కాని చనుబాలలో అధికభాగము నీరే.

ఇక పిండుట. బిడ్డ నెలతక్కువదై కుడువలేనప్పుడును, రొమ్ము గడ్డకట్టి సలుపునప్పుడును, తల్లి కడియపులంక నర్సరీలకు పనికి పోవలసినప్పుడును ఈ నేర్పు అక్కరకు వచ్చును. సబ్బుతో చేతులు కడుగుకొని, మరిగించిన గిన్నెను దగ్గర నుంచుకొని, గోరువెచ్చని తడిగుడ్డను రొమ్మున కాసేపు కప్పి మెల్లగా నిమిరిన పిమ్మట, బొటనవ్రేలిని పైనను చూపుడువ్రేలిని క్రిందను వలయపు అంచున ఆనించి, ముందు ఎదవైపునకు అదిమి, అటుపై రెంటిని దగ్గరకు నొక్కి విడువవలెను. మొనను పట్టి లాగరాదు. చర్మముపై వ్రేళ్ళను జార్చి రుద్దరాదు. నొప్పి కలిగినచో పట్టు సరిగా లేదని తెలియవలెను. మొదట చుక్కయైనను రాకపోవచ్చును. ఒకటి రెండు నిమిషములు ఓర్పుతో నొక్కుచు విడుచుచుండగా పాలు చేపి, సన్నని ధారలు పలువైపుల చిమ్మును. ఈ చేపు బలవంతమున వచ్చునది కాదు. బిడ్డ ఏడుపు చెవిని బడినంతనే రవిక తడియుటయు, చూడవచ్చినవారు "నీకు పాలు లేవమ్మా" అనినంతనే ధార నిలిచిపోవుటయు నేను కన్నులార చూచితిని. పాలను విడిపించు ఆక్సిటోసిన్ అను హార్మోను తల్లి మనస్సునకు అంతగా కట్టుబడినది.

పిండిన పాలు 25 డిగ్రీలకు మించని చోట 4 గంటలును, ఫ్రిజ్ లోపలి అరలో 4 దినములును నిలుచును. మన వేసవిలో బయట నుంచకుండుటయే మేలు. వానిని పొయ్యిపై కాచక, వేడినీటి గిన్నెలో నుంచి వెచ్చజేయవలెను. పట్టుటకు సీసాకన్న బాగుగా మరిగించిన ఉగ్గుగిన్నె మేలు. అమ్మమ్మలారా, బిడ్డను నిటారుగా ఒడిలో పట్టుకొని, పాలు నోట పోయక, గిన్నె అంచును పెదవికి ఆనించుడు; తనకు కావలసినంత తానే చప్పరించి త్రాగును.