ఎంత ఖాళీ ఉందని కాదు, ఎంతసేపు ఆగిందని

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి జిరాక్స్ షాపుల నుంచి, ఇంటర్నెట్ సెంటర్ల నుంచి నా దగ్గరికి మరమ్మతుకు వచ్చే పాత కంప్యూటర్లలో చాలావాటికి ఆ రెండూ లేవు. పనిచేస్తున్న యంత్రాన్ని తుక్కుకు వేయడానికి మనసొప్పనివాళ్లు లినక్స్ వేయించుకుంటున్నారు. అది మంచి నిర్ణయమే. కానీ కొన్నాళ్లకు ఫోన్ వస్తుంది: "అన్నా, మల్లా హ్యాంగైంది. మౌస్ కూడా కదుల్తలేదు."

దీనికి మన దగ్గర రెండే మందులు. ఒకటి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయడం. రెండోది, మళ్లీ అట్లనే అయితే ర్యామ్ పెంచడం. మొదటిదానితో చివరి క్షణాల ఆనవాళ్లు పోతాయి. రెండోదానితో జబ్బేమిటో తెలియకుండానే డబ్బు పోతుంది. నాలుగు జీబీని ఎనిమిది చేస్తే కొన్నిసార్లు నిజంగానే బాగవుతుంది. బాగుకానప్పుడు ఏం చేయాలో తెలియాలంటే లోపల ఏం జరుగుతోందో తెలియాలి.

తెర బిగుసుకుపోయినంత మాత్రాన కంప్యూటర్ ఆగినట్టు కాదు. చాలాసార్లు అది ఊపిరాడనంత పనిలో ఉంటుంది. లినక్స్‌కు గుండెలాంటి కెర్నల్, మెమరీని 4 కేబీల పేజీలుగా పంచుతుంది. ఖాళీ పేజీలు తగ్గితే, వాడకంలో లేవనుకున్నవాటిని వెనక్కి తీసుకుంటుంది. స్వాప్, అంటే డిస్కులో ఇందుకోసం కేటాయించిన చోటు, ఉంటే వాటిని అక్కడికి పంపుతుంది. స్వాప్ లేకపోతే, డిస్కులో ఎలాగూ నకలు ఉన్న పేజీలను వదిలేస్తుంది. అంటే నడుస్తున్న ప్రోగ్రాముల కోడ్‌నే. మరుక్షణం బ్రౌజర్‌కు ఆ కోడే కావాలి. డిస్కు నుంచి మళ్లీ తెస్తుంది, దానికి చోటు కోసం ఇంకో పేజీ తీసేస్తుంది, ఇప్పుడు ఆ పేజీ కావలసి వస్తుంది. ర్యామ్‌లో ఉన్నది అందడానికి సెకనులో కోటో వంతు పడితే, తిరిగే హార్డ్ డిస్కు నుంచి రావడానికి వందో వంతు పడుతుంది. తేడా లక్ష రెట్లు. మౌస్ బాణాన్ని కదిపే కోడ్ కూడా ఆ వరుసలోనే నిలబడుతుంది. డిస్కు లైటు ఆరకుండా వెలుగుతుంటే నేను మొదట అనుమానించేది దీన్నే. పీటర్ డెనింగ్ 1968లోనే ఈ స్థితిని త్రాషింగ్ పేరుతో వివరించి, ఒక ప్రోగ్రాముకు ఏ సమయంలోనైనా కావలసిన కనీస పేజీల సమూహం ర్యామ్‌లో లేకపోతే యంత్రం సమయమంతా తెచ్చుకోవడానికే సరిపోతుందని చూపించాడు.

మరి కెర్నల్ జోక్యం చేసుకోదా? చేసుకుంటుంది. మెమరీ దొరికే దారి లేదని తేలితే ఓఓఎం కిల్లర్ ఒక ప్రోగ్రామును ఎంచి చంపుతుంది. దారి లేదని తేలడంలోనే ఉంది చిక్కంతా. పైన చెప్పిన పరిస్థితిలో పేజీలు దొరుకుతూనే ఉన్నాయి కాబట్టి, కెర్నల్ లెక్కలో పని సాగుతున్నట్టే. కుర్చీలో కూర్చున్న మనిషికి మాత్రం ఐదు నిమిషాలుగా ఏమీ సాగడం లేదు. 2019 ఆగస్టులో కెర్నల్ రాసేవాళ్ల మధ్య దీనిపై పెద్ద చర్చే నడిచింది. నాలుగు జీబీ యంత్రంలో స్వాప్ తీసేసి, బ్రౌజర్‌లో ట్యాబులు తెరుస్తూ పోతే ఎవరైనా దీన్ని కళ్లారా చూడొచ్చు.

ఈ కథలో నాకు ఎక్కువ ఇష్టమైన మలుపు అంతకు కొన్ని నెలల ముందే వచ్చింది. 2018 డిసెంబర్‌లో విడుదలైన 4.20 కెర్నల్‌లో పీఎస్ఐ అనే కొత్త కొలత చేరింది. ఎన్ని పేజీలు ఖాళీ ఉన్నాయన్నది దానికి పట్టదు. మెమరీ కోసం ఎదురుచూస్తూ ప్రోగ్రాములు ఎంత సమయం పోగొట్టుకున్నాయో అది చెబుతుంది. ఏ ఒక్కటి ఆగినా ఒక అంకె, అన్నీ కలిసి ఆగితే ఇంకో అంకె. కెర్నల్ కన్నా ముందే జోక్యం చేసుకుని ప్రోగ్రామును ఆపే సిస్టమ్‌డీ-ఓఓఎండీ నమ్ముకున్నది ఈ కొలతనే. లినక్స్ పంపిణీల్లో అది 2021లో ఫెడోరా 34లోనూ, 2022లో ఉబుంటు 22.04లోనూ ముందే ఆన్ చేసి వచ్చింది. ఇంత శ్రమపడి కెర్నల్ నేర్చుకున్నది మనిషి బాధను మనిషి వైపు నుంచి కొలవడమే.

మరమ్మతు చేసేవాళ్లం కూడా అదే నేర్చుకోవాలి. "ర్యామ్ ఎంత?" అని అడగడం తేలిక. నేనడిగేవి వేరు: ఎంతసేపు ఆగింది, ఏం చేస్తుండగా ఆగింది, తనంతట తానే తేరుకుందా, పొద్దున ఆన్ చేసినప్పుడు బాగుండి సాయంత్రానికి మొరాయిస్తోందా? ఆ తర్వాత లాగ్, అంటే యంత్రం రాసిపెట్టుకునే చిట్టా, చూస్తాను. జర్నల్‌సీటీఎల్ ఆదేశంతో ఇంతకుముందు బూట్‌లో కెర్నల్ చెప్పిన మాటలు చదవొచ్చు. మెమరీ లెక్క చూపే ఫ్రీ ఆదేశంలో 'ఫ్రీ' గడి చూసి భయపడనక్కరలేదు. 'అవైలబుల్' గడి చూడాలి. కెర్నల్ ఖాళీ మెమరీని ఊరికే ఉంచకుండా ఫైళ్ల నకళ్లతో నింపుతుంది, అవసరమైతే వదులుతుంది.

సాయంత్రానికి మొరాయించే యంత్రం ఒకటి ఎల్లారెడ్డిలో తగిలింది. స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజులు. లింగంపేట వైపు ఊళ్ల నుంచి పిల్లలు బస్సు దిగి, సర్టిఫికెట్లు పట్టుకుని వరుసలో ఉన్నారు. మధ్యాహ్నం దాటాక స్కానర్ పనిచేయదు. రీస్టార్ట్ చేస్తే మళ్లీ నడుస్తుంది. అవైలబుల్ గడిలో మెమరీ కావలసినంత ఉంది. లాగ్‌లో మాత్రం 'పేజ్ అలొకేషన్ ఫెయిల్యూర్, ఆర్డర్ 5' అని ఉంది. ఆర్డర్ 5 అంటే 32 పేజీలు, 128 కేబీలు, ఒకే చోట, ఒకదాని పక్కన ఒకటి కావాలి.

నిజాంసాగర్ ఆయకట్టు రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. కాగితం మీద రెండెకరాలు ఉండి, అవి నాలుగు దిక్కుల గుంటల లెక్కన ఉంటే హార్వెస్టర్ తిరగదు. లినక్స్ మెమరీని పంచే బడ్డీ పద్ధతి కూడా అన్నదమ్ముల పంపకమే. బెల్ ల్యాబ్స్‌కు చెందిన కెన్నెత్ నోల్టన్ 1965లో దాన్ని ప్రచురించాడు. పెద్ద ముక్కను సగం చేస్తారు, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తారు. ఒకే పంపకంలో విడిపోయిన రెండు సగాలూ ఖాళీ అయితేనే తిరిగి ఒకటవుతాయి. పక్కపక్కనే ఉన్నా వేరే పంపకానివి కలవవు. పొద్దంతా వాడిన మెమరీ అట్లా చిన్న తునకలవుతుంది. బడ్డీఇన్ఫో ఫైలు తెరిస్తే 4 కేబీల ముక్కలెన్ని, 8 కేబీలవెన్ని అంటూ 4 ఎంబీల దాకా లెక్క కనిపిస్తుంది. ఆ రోజు కుడివైపు గడులన్నీ సున్నాలే. పేజీలను జరిపి చోటు కూడగట్టే కంపాక్షన్ 2010 నుంచి కెర్నల్‌లో ఉంది. దాన్ని చేత్తో నడిపించాను. స్కానర్ లేచింది. తర్వాత, కెర్నల్ తన కోసం పక్కన పెట్టుకునే కనీస మెమరీని కొంచెం పెంచాను. ర్యామ్ కొనాల్సిన పని పడలేదు.

మూడో జబ్బు కెర్నల్‌లోనే ఉంటుంది. ఏదో డ్రైవర్ మెమరీ తీసుకుని తిరిగివ్వదు. ప్రోగ్రాములన్నీ మూసినా వాడకం తగ్గదు. మెమ్‌ఇన్ఫో ఫైలులో 'ఎస్‌అన్‌రిక్లెయిమ్' అంకె గంట గంటకూ పెరుగుతుంటే అనుమానం దాని మీదే. ఎంత ర్యామ్ వేసినా ఇక్కడ వాయిదా పడుతుందే తప్ప జబ్బు పోదు. పాత కెర్నల్‌కు మారడమో, సరిచేసిన డ్రైవర్ తెచ్చుకోవడమో దారి. మొదటి జబ్బు త్రాషింగ్‌కు జెడ్‌ర్యామ్ మంచి సాయం: పేజీలను కుదించి ర్యామ్‌లోనే దాస్తుంది, డిస్కు దాకా పోనివ్వదు. చూశారు కదా, పైకి మూడూ మొరాయింపే, మందులు మాత్రం వేరువేరు.

చిన్న ఊళ్లలో ఈ తేడా తెలియడం చాలా అవసరమని నమ్ముతాను. నగరంలో ఒక కౌంటర్ ఆగితే పక్క కౌంటర్ ఉంటుంది. ఎల్లారెడ్డి లాంటి చోట షాపులో ఉన్న ఒక్క కంప్యూటర్ ఆగితే దరఖాస్తుకు వచ్చిన తల్లి ఆ రోజు కూలి పోగొట్టుకుని, రేపు మళ్లీ బస్సు చార్జీ పెట్టుకోవాలి. మన కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో బడ్డీ పద్ధతి, త్రాషింగ్ రెండూ పరీక్షకు చదివిస్తారు. ఆ పిల్లలను ఒక పూట ల్యాబ్‌లోని పాత యంత్రం ముందు కూర్చోబెట్టి, దాన్ని కావాలని హ్యాంగ్ చేయించి, లాగ్ చదివిస్తే చాలు, ఊరికో వైద్యుడు తయారవుతాడు. షాపు నడిపేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: ర్యామ్ మార్చాలని ఎవరైనా చెబితే, లాగ్‌లో ఏ వరుస చూసి అట్లా అంటున్నారో అడగండి. ఆ వరుస చూపించగలిగిన వాళ్ల చేతికే డబ్బు ఇవ్వండి.