నందుని కాషాయము: సౌందరనంద కావ్యవిమర్శ

సన్న్యాసమును గూర్చి మన గ్రంథములలో వ్రాతలు పెక్కు గలవు. సన్న్యాసము పుచ్చుకొన్న మఱునాటి ఉదయమును గూర్చిన వ్రాతలు మాత్రము మిక్కిలి అరుదు. తల గొఱిగించుకొని, కాషాయము గట్టి, పాత్ర చేతబట్టిన యువకుడు ఆ తొలిదినములలో ఎట్లు భుజించెను, ఎట్లు నిదురించెను, చెట్టుక్రింద కూర్చుండి ఎవరిని తలచెను అను విషయములు మన కవులలో పెక్కురకు కావ్యవస్తువులుగా తోచలేదు. అశ్వఘోషునకు తోచినవి. అందుచేతనే ఆతని సౌందరనందమును గృహస్థులును చదువదగిన గ్రంథమని మేము తలచుచున్నాము. అయితే దాని నెట్లు చదువవలెను? ఈ ప్రశ్నను విచారించుటకే ఈ వ్యాసము.

అశ్వఘోషుడు క్రీస్తుశకము మొదటి రెండు శతాబ్దుల నాటివాడు. సాకేత నివాసియు, సువర్ణాక్షి కుమారుడును, భిక్షువును అని గ్రంథాంతమున నున్నది. 18 సర్గల ఈ సంస్కృతకావ్యము చిరకాలము మఱుగున పడియుండి, నేపాళమున దొరకిన వ్రాతప్రతుల మూలమున హరప్రసాద శాస్త్రిగారిచే 1910లో ప్రకటింపబడినది. పిమ్మట జాన్‌స్టన్ పండితుడు 1928లో పరిష్కరించిన మూలమును, 1932లో ఆంగ్లానువాదమును వెలువరించెను. తెలుగువారికి ఈ కథ పింగళి, కాటూరి జంటకవుల సౌందరనందము వలన ముందే పరిచితము. మేమిచట విచారించునది అశ్వఘోషుని మూలమును మాత్రమే.

కథ చిన్నది. నందుడు బుద్ధునకు సవతి తమ్ముడు. సుందరి యతని భార్య. కపిలవస్తువున ఒకనాడు బుద్ధుడు భిక్షకై వారి యింటికి వచ్చెను. పరిచారకు లెవరి పనులలో వారు మునిగియుండిరి, ఎవరును చూడరైరి. ఆయన వట్టిపాత్రతో మరలిపోయెను. ఆ సమయమున నందుడు మేడమీద భార్యకు అద్దము పట్టుచుండెను. దాసి వచ్చి సంగతి తెలుపగా సిగ్గుపడి, గురువునకు మ్రొక్కి వచ్చెదనని ఆమె ననుమతి యడిగెను. తన మోమున దిద్దుకొన్న విశేషకపు తడి యాఱకమున్నే మరలి రావలెనని సుందరి గడువు పెట్టెను. అతడు రాలేదు. దారిలో బుద్ధుడు తన భిక్షాపాత్ర నతని చేతి కిచ్చెను; విహారము చేరినపిమ్మట ఇతనికి ప్రవ్రజ్య నిమ్మని ఆనందుని కాజ్ఞాపించెను. నాకు ప్రవ్రజ్య వలదని నందుడు స్పష్టముగానే చెప్పెను. మఱల ఉపదేశము జరిగెను, కాదనలేక తలయొగ్గెను. క్షురకర్మ జరుగుచుండగా అతని కన్నుల నీరు కారెను. కవి ఈ కన్నీటిని దాచలేదు.

మొదటి చిక్కు ఇచ్చటనే యున్నది. వలదన్నవానికి వ్రతము నొసగవచ్చునా? రోగికి ఔషధమును బలవంతముగానైన త్రాగింపవలెనని భక్తులు సమాధానము చెప్పుదురు. గురువునందు దోష మెన్నుట మా యుద్దేశము గాదు. కాని బౌద్ధసంఘమే ఈ చిక్కును గుర్తించినదని వినయపిటకములోని మహావగ్గము చెప్పుచున్నది. రాహులునకు శ్రామణేర దీక్ష యిచ్చినపుడు శుద్ధోదనుడు బుద్ధుని కడకు వచ్చి, నీవు పోయినపుడును, నందుడు పోయినపుడును పడిన దుఃఖమునకంటె ఇది మిన్న యని మొఱపెట్టుకొనెను. తల్లిదండ్రుల అనుమతి లేక కుమారునకు దీక్ష యీయరాదను నియమము అప్పుడేర్పడినది. ఒక తాతగారి దుఃఖము శాసనమైనది. ఇది బౌద్ధధర్మమునకు గొప్ప గౌరవము. అయినను ఆ నియమమున భార్యకు చోటు లేకపోయెను. స్త్రీ భిక్షుణి కావలెనన్న భర్త అనుమతి కావలెను. పురుషుడు భిక్షువగుటకు భార్య అనుమతి యక్కఱలేదు. సుందరి పెట్టిన గడువును ఏ వినయమును లెక్కింపలేదు. ఈ సంగతిని మనస్సున నుంచుకొని కావ్యములోనికి పోవుదము.

సప్తమ సర్గయందు నందుడు విహారపు తోటలో నున్నాడు. దేహము కాషాయము ధరించినది, మనస్సు ధరింపలేదు. మామిడిచెట్టును చూచిన భార్య జ్ఞప్తికి వచ్చును. చెట్టునల్లుకొన్న తీగను చూచిన నిట్టూర్పు వచ్చును. స్త్రీలకు వశులైన పూర్వపు ఋషులను, రాజులను ఒక్కొక్కరినే పేర్కొని, అంతటివారే నిలువలేకపోగా నేనెంతవాడనని తన్ను తాను సమర్థించుకొనును. గురువు భిక్షకై వెడలినతోడనే కాషాయము విడిచి ఇల్లు చేరెదనని నిశ్చయించుకొనును. చిహ్నమును ధరించి చిత్తమును నిలుపలేనివానికి ఇహమును లేదు, పరమును లేదని అతని తర్కము. చదువరులారా, ఇది వట్టి కాముకుని ప్రలాపము గాదు. వేషమునకును మనస్సునకును పొత్తు కుదరని వాని నిజాయితీ యిందు కలదు. లోపల లేని వైరాగ్యమును పైకి నటించుటకంటె ఇల్లు చేరుటయే మేలని అతడు తలచెను. మాకు కావ్యమంతటిలో ఈ సర్గయే హృదయమునకు దగ్గఱగా తోచినది. వినయమును శిక్షను విడిచిపోవుటకు ద్వారమును మూయలేదు. మయన్మారు దేశమున నేటికిని బాలురు కొలదిదినములు శ్రామణేరులై మరల ఇండ్లకు వచ్చు ఆచారము కలదు. అట్లు వచ్చుటలో అవమాన మేమియు లేదు.

అష్టమ సర్గయందు ఒక భిక్షువు నందునకు హితము చెప్పవచ్చును. వల తప్పించుకొన్న లేడి మఱల వలనే కోరుచున్నదని మొదలిడి, పక్షితోను, ఏనుగుతోను, కుక్కతోను అతనిని పోల్చి, పిమ్మట స్త్రీజాతినంతను దూషింప నారంభించును. వారి మాటలందు తేనెయు మనస్సున విషమును ఉండునట. వారి దేహము అశుచిరాశియట. మన దేశమున ఇట్టి శ్లోకములకు కొఱత లేదు. పురాణకాలక్షేపములలో వీనిని ఇంటి ఆడువారి యెదుటనే రాగములు తీసి చదువుటయు, వారు తలవంచి వినుటయు మనము చూచినదే. కన్నకూతురిని ప్రక్కను గూర్చుండబెట్టుకొని ఈ సర్గను అర్థము చెప్పగల తండ్రి యెవడు? ఇందుచేత కొందఱు ఈ గ్రంథము ఇంట నుంచదగినది కాదందురు. మఱికొందఱు మోక్షశాస్త్రమును ప్రశ్నింపరాదందురు. ఈ రెండు మతములును మాకు సమ్మతములు గావు. ఏలయన, ఈ దూషణమునకు సమాధానమును ఈ కావ్యమే చెప్పుచున్నది.

అష్టమ సర్గలోని మాటలు బుద్ధునివి గావు. పేరైనను లేని ఒక శ్రమణునివి. ఆతడంత చెప్పినను నందుని మనస్సు శాంతింపలేదని నవమ సర్గ మొదటనే కవి వ్రాసెను. అనగా స్త్రీనింద యను ఔషధమును ప్రయోగించి చూచితిమి, గుణమీయలేదు అని కావ్యమే యొప్పుకొన్నది. త్రయోదశ సర్గయందు గురువు స్వయముగా మాటాడునపుడు విషయము పూర్తిగా మాఱినది. ఒకే రూపమును చూచి ఒకడు వలచును, ఒకడు ద్వేషించును, ఒకడు ఉదాసీనుడై యుండును, వేఱొకడు దయ చూపును. కావున బంధమునకు కారణము రూపము గాదు, దానిపై మనస్సు అల్లు కల్పన అని ఆయన బోధించెను. ఈ ఒక్క వాక్యార్థముతో అష్టమ సర్గ యావత్తును కూలిపోయినది. దోషము సుందరి మోమున లేదు. నందుని తలపున నున్నది. ఆ తలపును దిద్దుకొనవలసినవాడును నందుడే. స్త్రీలను దూషించుటకు ఈ కావ్యమునుండి శ్లోకము లేరుకొనువారు గురువును విడిచి శిష్యుని పట్టుకొన్నవారగుదురు.

దశమ సర్గ మాటయేమి యని మమ్ము అడుగవచ్చును. హిమవంతమున ఒంటికంటి కోతిని చూపి, ఇది అందగత్తెయా నీ భార్య అందగత్తెయా యని బుద్ధుడు ప్రశ్నించెను. పిమ్మట స్వర్గమున అప్సరసలను చూపెను. వారి యెదుట సుందరి ఆ కోతివలెనే కానవచ్చెనని నందుడు చెప్పెను. ఇది మోటుమాటయే, మేము సమర్థింపము. కాని దీని ఫలమును కవి ఎట్లు చూపెనో గమనింపవలెను. నందుడు వైరాగ్యమును పొందలేదు; అప్సరసలను కోరి తపస్సు ప్రారంభించెను. మాసిన గుడ్డను శుభ్రపఱచుటకు చాకలి ముందు చౌడు పట్టించి మఱింత మాపినట్లని కవి ఉపమానము. పదునొకండవ సర్గయందు ఆనందుడు ఈ వ్యాపారమును ఎత్తిచూపి, స్వర్గవాసమును నిలువదని చెప్పినపుడు నందుడు సిగ్గుపడెను. తన ఆశను తాను చూచుకొన్న ఆ క్షణముననే అతనికి నిజమైన ప్రవ్రజ్య లభించినదని మా యభిప్రాయము. మొదటి దీక్షను ఇతరులు ఇచ్చిరి. రెండవదానిని తాను పుచ్చుకొనెను.

ఇక ఆ పిమ్మటి దినచర్య. పదునాల్గవ సర్గ కావ్యరసికులకు నీరసముగా తోచవచ్చును, మాకట్లు తోచలేదు. ఆహార మెక్కువైన నిద్రయు మాంద్యమును వచ్చును, తక్కువైన బలము తఱుగును. కావున పుండునకు మందు పూయునట్లు, బండియిరుసునకు చమురు వేయునట్లు మితముగా భుజింపవలెను. రాత్రి మొదటి జామున మేలుకొని యోగము చేయవలెను. నడిజామున కుడిప్రక్కకు తిరిగి, వెలుగును మనస్సున నిలిపి శయనింపవలెను. కడజామున లేచి నడచుచునో కూర్చుండియో చిత్తమును శోధింపవలెను. నడచునపుడు నడచుచున్నానని, నిలుచునపుడు నిలుచున్నానని ఎఱుక గలిగి యుండవలెను. ఆ యెఱుకయే వాకిట కావలివాడు. పదునాఱవ సర్గయందు కంసాలి తగిన వేళ నిప్పు నూదును, తగిన వేళ నీరు చల్లును, తగిన వేళ ఊరకుండును. సాధకుడును మనస్సుపట్ల అట్లే యుండవలెనని చెప్పబడినది. ఇందు అద్భుతము లేదు, శాపము లేదు, ఎవరిపై నిందయు లేదు. ఒక యువకుడు తన అన్నమును, నిద్రను, నడకను కొంచెము కొంచెముగా దిద్దుకొనుచున్నాడు. వంటయిల్లు, కమ్మరికొలిమి, చాకిరేవు ఎఱిగిన కవి మాత్రమే ఇట్టి ఉపమానములను వ్రాయగలడు. మోక్షము కోరనివారికిని ఈ సర్గలు పనికివచ్చును.

తుదకు సుందరి. షష్ఠ సర్గయందు ఆమె మేడనుండి దారి చూచుచు, అడుగుల చప్పుడు విని ఉలికిపడుచు, భర్త వేఱొకతెను కోరెనేమో యని అనుమానించుచు, నిజము విన్నపిమ్మట ఆభరణములను విసరివేయుచు మనకు కానవచ్చును. అటుపిమ్మట ఆమె కథనుండి తప్పుకొనెను. అష్టాదశ సర్గయందు నందుడు కృతార్థుడై వచ్చినపుడు, ఇతరులకును ధర్మము చెప్పుమని బుద్ధు డాదేశించుచు, ఇంటనున్న నీ భార్యయు నిన్ననుసరించి స్త్రీలకు వైరాగ్యకథలు చెప్పునని పలికెను. ఆమెకు బోధించు శక్తి కలదని గురువు ఒప్పుకొనుట గొప్పమాటయే. కాని ఆ మాటను ఆమెతో చెప్పినవా రెవరు? నీ కిష్టమా యని అడిగినవా రెవరు? నందుని కన్నీటికి ఒక సర్గను, అతని సిగ్గునకు ఒక సర్గను ఇచ్చిన కవి, సుందరి సమాధానమునకు ఒక్క శ్లోకమైనను ఈయలేదు. ఈ లోటు కేవలము ఆ కాలపు దోషమని త్రోసివేయుటకు వీలులేదు. అశ్వఘోషునకు పూర్వమే పాళీలో థేరీగాథలు కలవు. అందు ఇల్లు విడిచిన స్త్రీలు తమ దుఃఖమును, తమ విడుదలను తమ నోటనే చెప్పుకొనిరి. ఆ యాదర్శము సంప్రదాయముననే యుండగా ఈ కవి దానిని చేపట్టలేదు.

కావున ఈ గ్రంథమును ఇంట నుంచవలెను. ఏ సర్గయు చించివేయరాదు. అష్టమమును చదివినవారు త్రయోదశమును చదువక పుస్తకము మూయరాదు. సప్తమమున నందునిపై జాలిపడినవారు షష్ఠమునకు మరలివచ్చి సుందరి మేడను ఒకపరి చూడవలెను. మన యిండ్లలోను వ్రతములు, చదువులు, దేశసేవలు అను గొప్ప పేర్లతో పిల్లల చేతికి పాత్ర నిచ్చి వెంట నడిపించుకొనిపోవుట కలదు. అట్టి వేళ వాడు నోట వలదన్నాడా, వాని కంట నీరున్నదా యని చూచుట మన విధి. వానికై గడువు పెట్టి వాకిట నిలుచున్నవా రెవరో విచారించుటయు మన విధియే. అశ్వఘోషుడు మొదటిదానిని చక్కగా చూపెను. రెండవదానిని చదువరులే పూరింపవలసి యున్నది.