గబ్బిలానికున్న దారి మనిషికి లేదు

జాషువా 'గబ్బిలం' (1941) గురించి రాసేటప్పుడు మన విమర్శకులు రెండు మాటలు తప్పకుండా అంటారు. ఒకటి, ఇది మేఘసందేశానికి అనుసరణ. రెండు, ఇది కరుణరస కావ్యం. ఈ రెండు మాటలతో కవి మీద జాలి మిగులుతుంది, కవి చేసిన నేరారోపణ మాయమైపోతుంది. అసలు దెబ్బ కావ్య నిర్మాణంలోనే ఉంది.

కాళిదాసు యక్షుడిది ఏడాది శాపం. వాడి బాధ విరహం. జాషువా నాయకుడు తంజావూరు సీమ అరుంధతీయుడు. అతని మీద పడ్డ శాపానికి గడువు లేదు. అతని బాధ ఆకలి, అంటరానితనం. పాత చట్రాన్ని అట్లాగే ఉంచి లోపలి మనిషిని మార్చడం మొదటి ఎత్తుగడ.

రెండోది దూత ఎంపిక. ఇంట్లో దూరితే అరిష్టమని తరిమే గబ్బిలం గుళ్లో హాయిగా వేలాడుతుంది. నైవేద్యానికి ధాన్యం పండించిన మనిషి మాత్రం గడప తొక్కకూడదు! కవి ఇక్కడ ఎవర్నీ తిట్టలేదు. పూజారి లేనప్పుడు శివుడికి తన కథ వినిపించమన్నాడు, అంతే. ఆ ఒక్క షరతు చాలు. దేవుడికి చెవుడు లేదు, మధ్యలో కాపలా ఉంది.

మూడోది లెక్క. దేవుళ్ల కల్యాణాల ఖర్చునీ పేదవాడి ఖాళీ పాత్రనీ ఒకే పద్యంలో ఎదురెదురుగా పెట్టాడు. తీర్పు తాను చెప్పకుండా ప్రశ్న వేసి వదిలేశాడు. జవాబు చెప్పుకోవాల్సింది పాఠకుడే. పైగా ఇదంతా పండితులు మెచ్చే పద్యాల్లోనే నడిపాడు. కవిత్వమే కాదని తోసెయ్యడానికి వాళ్లకు సందు దొరకలేదు.

అయితే ఒక పరిమితినీ ఒప్పుకోవాలి. ఎంత పదునైనా ఇది విన్నపమే. కర్మ సిద్ధాంతాన్ని నిలదీసిన నాయకుడు కూడా చివరికి శివుడి దయనే అడుగుతాడు. కావ్యానికి రెండేళ్ల ముందు, 1939లో, మదురై మీనాక్షి గుడిలోకి దళితులు నడిచి వెళ్లారు. దూతను పంపలేదు, తామే వెళ్లారు. 1995లో వచ్చిన 'చిక్కనవుతున్న పాట' నాటికి దళిత కవిత్వంలో విన్నపం ధిక్కారమైంది.

అంతమాత్రాన జాషువాను వెనక్కి నెట్టెయ్యడం సరికాదు. కాపలా ఎక్కడుందో వేలెత్తి చూపించినవాడు ఆయన. ఆయన్ని కరుణరసంలో ముంచి మెచ్చుకుంటున్న విమర్శ ఇంకా ఆ కాపలా పనే చేస్తోంది.