దత్తత పోయేది ఎవరు?

ఈ ఐదారేళ్లలో మెడికల్ కాలేజీల్లో సామాజిక వైద్యం నేర్పే పద్ధతి బాగానే మారింది. ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థి మొదటి ఏడాదిలోనే కనీసం మూడు, వీలైతే ఐదు కుటుంబాలను 'దత్తత' తీసుకోవాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో నిబంధన పెట్టింది. మూడు దశల్లో 27, 30, 21 గంటలు, మొత్తం 78 గంటలు ఆ ఇళ్ల కోసం కేటాయించాలి. బీపీ, షుగరు, రక్తం చూడాలె, నీళ్లూ మరుగుదొడ్డీ వివరాలు లాగ్‌బుక్కులో ఎక్కించాలె. పీజీ వాళ్లకు, సామాజిక వైద్యంలో ఎండీ చేసేవాళ్లతో సహా, మూడు నెలల జిల్లా రెసిడెన్సీ తప్పనిసరి అయింది. 2020లో వచ్చిన ఈ నిబంధనను 2023 పీజీ నిబంధనలు కూడా కొనసాగించాయి.

సరిగ్గా ఈ కాలంలోనే మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలైనయి. ఒకప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లాకంతా 1959లో పుట్టిన కాకతీయ మెడికల్ కాలేజీ ఒక్కటే పెద్దదిక్కు. ఇప్పుడు తండాకూ గూడేనికీ మాదిగవాడకూ కూతవేటు దూరంలో తెల్లకోట్ల పిల్లలు తిరుగుతున్నరు. ఇది మంచి మార్పే. ఆస్పత్రి నాలుగు గోడల మధ్య రోగాన్ని చూసే చదువుకంటే గడప దగ్గరికి పోయి మనిషిని చూసే చదువు మేలని మేమూ అంటాం. మా పేచీ వేరే.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. మన ఊళ్లల్లో దత్తత అంటే ఏంది? దత్తత తీసుకున్నోడు ఇంటిపేరు ఇస్తడు, ఆస్తిలో వాటా ఇస్తడు, చస్తే తలకొరివి పెట్టే హక్కు ఇస్తడు. ఇక్కడ పద్దెనిమిదేళ్ల విద్యార్థి యాభై ఏళ్ల కూలితల్లిని దత్తత తీసుకుంటడు. ఇచ్చేది ఏందంటే బీపీ రీడింగు! 2014 తర్వాత ఎంపీలు ఊళ్లను దత్తత తీసుకున్నరు, ఆ ఊళ్లు ఏమైనయో ఆ ఊరోళ్లనే అడగాలె. వైద్యంలోనూ ఇది కొత్త ముచ్చట కాదు. 1946లో భోర్ కమిటీ 'సామాజిక వైద్యుడు' కావాలన్నది. 1977లో 'రోమ్' పథకం కింద ఒక్కో మెడికల్ కాలేజీకి మూడేసి బ్లాకులు అప్పజెప్పిండ్రు, బ్రిటన్ నుంచి పెద్ద పెద్ద వ్యాన్లు తెప్పించిండ్రు. అప్పుడు బ్లాకు, ఇప్పుడు కుటుంబం. ఎన్నడూ లెక్కలోకి రానిది వాడ.

ఎందుకు రాలేదో తెలియాలంటే లాగ్‌బుక్కు వెనక ఉన్న కొలబద్దలను చూడాలి. కుటుంబం 'సాంఘికార్థిక స్థాయి' లెక్కగట్టడం విద్యార్థి నేర్వాల్సిన నైపుణ్యాల్లో ఒకటి. దానికి మన దేశంలో ఎక్కువగా వాడేవి రెండు. ప్రసాద్ స్కేలు (1961) తలసరి ఆదాయం ఒక్కటే చూస్తది. కుప్పుస్వామి స్కేలు (1976) ఇంటి పెద్ద చదువు, వృత్తి, కుటుంబ ఆదాయం చూస్తది. రెండింటిలోనూ కులం లేదు. ఊరి నడుమ పెంకుటిల్లున్న దొరగారి వంశంలో చితికిపోయిన కుటుంబమూ, ఊరవతల మాదిగ కుటుంబమూ ఒకే ఆదాయముంటే ఒకే తరగతిలో పడతయి. ఒకరికి ఊరి బావి, ఇంకొకరికి వాడ బోరు. ఈ తేడా ఏ తరగతిలో పడుతుంది?

కులాన్ని లెక్కబెట్టిన స్కేలు ఒకటుంది: పరీక్, త్రివేది 1964లో పల్లెల కోసం చేసింది. అందులో షెడ్యూల్డు కులానికి 1 మార్కు, ఆధిపత్య కులానికి 6 మార్కులు! అంటే కులం ఆరోగ్యాన్ని ఎట్లా దెబ్బకొడుతుందో తేల్చే ప్రశ్నగా రాలేదు, హోదా మార్కుల పట్టీగా వచ్చింది. ఒక స్కేలులో కులం మాయం, ఇంకో స్కేలులో మనుధర్మం నిచ్చెన. మనకు రెండూ వద్దు. మనం అడిగేది వివక్షను కొలిచే లెక్క. నర్సమ్మ ఏ ఇంటి గుమ్మం దాకా పోయింది, ఏ ఇంటిని దూరం నుంచే పిలిచి టీకా వేసింది, కాన్పు నొప్పులప్పుడు ఆటో వాడదాకా వచ్చిందా లేక ఊరి చివర ఆగిందా, ఇవి.

అసలు చిక్కు ఇంకొకటుంది. ఈ సిలబస్ ఊహించుకున్న విద్యార్థికి కులం లేదు. దత్తత తీసుకునేవాడు పైనుంచి దిగొస్తడు, దత్తత పోయేవాడు కింద ఎదురుచూస్తడు అనేదే దాని నమూనా. కానీ రిజర్వేషన్ పుణ్యమా అని ఈ కాలేజీల్లో చదివే పిల్లల్లో వాడ పిల్లలున్నరు, తండా పిల్లలున్నరు. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీ వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చి, 1, 9, 5 శాతాలుగా ఎస్సీ సీట్లు పంచుకునే దశకు వచ్చినం. రేపు ఒక మాదిగ పిల్ల చేతిలో బీపీ మిషను పట్టుకొని రెడ్డిగారింటికి పోతది. ఎక్కడ కూసోబెడతరు? మంచినీళ్లు ఏ గ్లాసుల పోస్తరు? 'ఏ ఊరు బిడ్డా, ఎవలోళ్లు?' అని అడిగితే ఆ పిల్ల ఏం చెప్పాలె? ఆ పూట ఆమెకు జరిగింది రాసుకోవడానికి లాగ్‌బుక్కులో గడి ఏది? 'సాంఘిక సాంస్కృతిక కారకాలు' అనే గంభీరమైన శీర్షిక కింద ఉమ్మడి కుటుంబమా, చిన్న కుటుంబమా అని రాసి సరిపెట్టాలె. ఆమెకు జరిగింది కూడా ప్రజారోగ్య పాఠమే. అది రాయనివ్వకపోతే ఆ చదువు ఆమె తెలివిని సగానికి కోసేసినట్టే.

మన మూడు జిల్లాలనే తీసుకోండి. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ఒరిగిన కడవెండీ, చాకలి ఐలమ్మ పంట కోసం నిలబడ్డ పాలకుర్తీ జనగామ జిల్లాలోవే. వాళ్లు ఊరిని భూమి లెక్కన, గడీ లెక్కన చదివిండ్రు, ఇల్లిల్లూ విడదీసి కాదు. మహబూబాబాద్ జనాభాలో మూడో వంతుకు మించి ఎస్టీలే, అందులో లంబాడీలే ఎక్కువ. మిర్చి చేన్లల్ల మందు వాసన పీల్చే ఆడకూలీల ఆరోగ్యం ఐదు కుటుంబాల లెక్కలో దొరకదు, చేను యజమాని ఎవరో అడగాలె. భూపాలపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్టులు, చెల్పూరు థర్మల్ కేంద్రం ఉన్నయి, అడవుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గుడిసెలేసుకున్న గుత్తికోయలున్నరు. ప్రాథమిక కేంద్రం అందని ఊళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది మంచి మాటే. మరి ఊరని కాగితాల్లో ఒప్పుకోని గూడెం ఆ జాబితాలోకి ఎట్లా వస్తది?

ఇంకో సంగతి. విద్యార్థిని వాడకు తోలుకపోయేది ఆశా కార్యకర్త. ఏ ఇంట్ల ఎవరికి టీబీ, ఎవరు మందులు మధ్యలో ఆపిండ్రు, ఎందుకు ఆపిండ్రు, అన్నీ ఆమెకు తెలుసు. రూ.18 వేల ఫిక్స్‌డ్ జీతం ఇయ్యండని ఏళ్ల తరబడి రోడ్డెక్కుతున్నదీ ఆమెనే. పాఠం చెప్పేది ఆమె, ప్రొఫెసరు అనిపించుకునేది ఇంకొకరు.

సిలబస్ మారదు అనే వాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. 2024 ఆగస్టు 31న కమిషన్ విడుదల చేసిన పాఠ్యప్రణాళికలో స్వలింగ సంబంధాలను మళ్లీ లైంగిక నేరాల జాబితాలో చేర్చిండ్రు. లైంగిక అల్పసంఖ్యాకుల, వికలాంగుల హక్కుల సంఘాలు గట్టిగా అడ్డుకున్నయి. సెప్టెంబరు 5న ఆ పత్రం వాపసు పోయింది. అయిదు రోజుల పని! కులం గురించి అట్లా అడిగిన గొంతు ఇంకా లేవలేదు, దళిత డాక్టర్లు, టీచర్లు, మనమూ లేపాల్సినదే.

మేం అడిగేవి పెద్దవేం కావు. దత్తత మాట తీసెయ్యాలె. కుటుంబంతో పాటు వాడను, తండాను, గూడెంను లెక్కలోకి తీసుకోవాలె. రాసుకున్న లెక్కలు ఏడాదికొకసారి ఆ వాడలోనే తెలుగులో చదివి వినిపించాలె. ఆశాలకు బోధన గౌరవవేతనం ఇయ్యాలె. జిల్లా రెసిడెన్సీకి వచ్చే పీజీలతో ఖాళీ డ్యూటీలు నింపుకోకుండా, వివక్ష మీద ఒక్క అధ్యయనమైనా చేయించాలె.

ఈలోగా ఈ మూడు కాలేజీల విద్యార్థులకు ఒక మనవి. మీ 78 గంటల్లో ఏ గడప దాటనిచ్చిండ్రు, ఏ అరుగు మీద ఆపిండ్రు, లాగ్‌బుక్కులో పట్టనివి ఏమున్నయో రాసి పంపండి. కుటుంబాల పేర్లు వద్దు, మీ పేరు ఇష్టమైతేనే. వరుసగా అచ్చేస్తాం.