ఆక్సిజన్ ఎందుకు పెట్టట్లేదు సార్?

పారాక్వాట్ అనే గడ్డిమందు తాగిన మనిషిని తెచ్చినవాళ్లకు ముందుగా వచ్చే అనుమానం ఇదే. పక్క మంచం మీద పురుగుమందు తాగిన కుర్రాడికి మాస్కు ఉంటుంది, తమ బిడ్డకు ఉండదు. డబ్బు కట్టలేదనేమోనని నా ముఖంలోకి చూస్తారు. పారాక్వాట్ ఊపిరితిత్తుల్లో పేరుకుని, మనం ఇచ్చే ఆక్సిజన్‌తోనే అక్కడి కణాలను కాల్చేస్తుందని ఓపిగ్గా చెబుతాను. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయేదాకా ఆగాల్సిందే. ఆయాసపడే మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడడం కంటే కష్టమైన వైద్యం నాకు తెలియదు.

మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందు తాగినవాళ్లు నోట నురగతో, స్పృహ లేకుండా వస్తారు. అట్రోపిన్ ఇస్తాం, చాలామంది లేచి కూర్చుంటారు. పారాక్వాట్‌కు విరుగుడు లేదు. మొదటిరోజు నోటిపుండ్లు తప్ప మనిషి మామూలుగానే ఉంటాడు, మాట్లాడతాడు. 'బాగానే ఉన్నాడుగా, ఇంటికి తీసుకుపోతాం' అంటారు. తర్వాత కిడ్నీలు, కాలేయం, ఆపైన ఊపిరితిత్తులు గట్టిపడడం. ఒక్కోసారి వారాలు పడుతుంది. ఆఖరిదాకా తెలివి ఉంటుంది. చావాలనుకోలేదు, కోపంలో తాగానని ఎంతమంది నా చెయ్యి పట్టుకున్నారో!

ఒంట్లో విషం ఎంత ఉందో తెలియడానికి మూత్రంలో డైథయోనైట్ కలిపి చూస్తాం. నీలం ఎంత ముదురుగా వస్తే అంత భయం. పారాక్వాట్ మట్టికి గట్టిగా అంటుకుని చేలో నిర్వీర్యమవుతుంది. ఆ గుణాన్ని నమ్ముకునే ముల్తానీ మట్టి, లేదా బొగ్గుపొడి తాగిస్తాం. మొదటి గంటల్లోనే రక్తశుద్ధి మొదలుపెడితే కొంత ఆశ. స్టెరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడ్ కూడా ఇస్తుంటాం గానీ, ప్రాణం నిలబెడతాయనడానికి గట్టి రుజువు లేదు. ఆ మొదటి గంటలే ముఖ్యం కాబట్టి ఊళ్లో ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే పనిలో పడొద్దు. అది గొంతును మళ్లీ కాలుస్తుంది. సీసా చేతపట్టుకుని వెంటనే బయల్దేరండి. మనసు బాగోకపోతే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఇంత చేసినా వార్డులో నేను గెలిచేది తక్కువ. దక్షిణ కొరియా 2012లో పారాక్వాట్ అమ్మకం ఆపింది; పురుగుమందు చావులు బాగా తగ్గాయి, పంట దిగుబడి తగ్గలేదు. శ్రీలంక కూడా నిషేధించింది. ఇక్కడ 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద రాష్ట్రం అమ్మకం ఆపగలిగేది 60 రోజులు, పొడిగిస్తే ఇంకో 30. ఆ గడువు దాటగానే అదే సీసా అదే కొట్లోకి వస్తుంది. శాశ్వత నిషేధం ఢిల్లీ చేతిలో ఉంది. అక్కడి నుంచి ఆ ఉత్తర్వు రావాలని అడుగుతున్నాను.